తోక తెగిన ఎలుక: ఒక రేడియో పోరంబోకు చరిత్ర

అమెరికాలో అమ్ముడయ్యే ప్రతి వైర్‌లెస్ మౌస్ వెంట రెండు షరతులు వస్తాయి. ఈ పరికరం ఇతరులకు హానికరమైన అంతరాయం కలిగించరాదన్నది మొదటిది. ఇతరుల నుంచి వచ్చే ఎటువంటి అంతరాయాన్నైనా, దానివల్ల తన పని చెడినా సరే, ఇది భరించవలసిందేనన్నది రెండవది. మౌస్ అడుగున కంటికి ఆనని అక్షరాలలోనో, పెట్టెలోని కాగితంలోనో ఉండే ఈ మాటలను చదివేవారు అరుదు. తెర మీది బాణం గుర్తు నత్తనడక నడిచినప్పుడు, ఉన్నట్టుండి నిలిచిపోయి మరుక్షణం మరోచోట తేలినప్పుడు, చేయి ముందుగా వెళ్ళేది బ్యాటరీ మూత మీదికి. బ్యాటరీ మార్చినా ఫలితం లేకపోతే కొత్త మౌస్ వస్తుంది. కొన్నాళ్ళకు అదీ మొరాయిస్తుంది. చాలా సందర్భాలలో దోషం మౌస్‌ది కాదు, అది నిలబడి మాట్లాడే చోటుది. ఆ చోటుకు ముప్పాతిక శతాబ్దపు చరిత్ర ఉంది.

మౌస్ పుట్టినప్పుడు దానికి తోక ఉండేది. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ చేసిన ఊహకు 1964లో బిల్ ఇంగ్లిష్ చెక్కపెట్టెతో, ఒకదానికొకటి లంబంగా అమర్చిన రెండు చక్రాలతో రూపమిచ్చాడు. 1968 డిసెంబర్ 9న శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రదర్శనతో అది లోకానికి పరిచయమైంది. తోకలాంటి ఆ తీగ ఉన్నంతకాలం మౌస్‌కు తనదైన దారి ఉండేది. అందులోకి మరొకరు చొరబడే అవకాశం దాదాపు లేదు.

తోక తెంచే ప్రయత్నాలు మొదట పరారుణ కాంతితో జరిగాయి. టీవీ రిమోట్‌లాగా అది రిసీవర్‌కు ఎదురుగా ఉండాలి. మధ్యలో కాఫీ కప్పు అడ్డువచ్చినా మాట తెగిపోయేది. 1991లో లాజిటెక్ రేడియో తరంగాలతో పనిచేసే మౌస్‌ను విపణిలోకి తెచ్చింది. ఆ తరువాత చాలాకాలం వైర్‌లెస్ మౌస్‌లు 27 మెగాహెర్ట్జ్ పరిసరాలలో పనిచేశాయి. వాటికి దొరికిన ఛానళ్ళు కొద్ది, అందే దూరమూ కొద్దే. ఒకే గదిలో రెండు మౌస్‌లు ఒకే ఛానల్ మీద ఉంటే ఒకరి చేయి కదలిక మరొకరి తెరను కదిలించేది. ఈ ఇరుకు నుంచి బయటపడడానికి దొరికిన స్థలమే 2.4 గిగాహెర్ట్జ్.

అయితే ఆ స్థలం సంభాషణల కోసం కేటాయించినది కాదు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసేసరికి రాడార్ కోసం తయారైన మాగ్నెట్రాన్ ఆహారాన్ని వేడి చేయగలదని రేథియాన్ సంస్థలో పెర్సీ స్పెన్సర్ గుర్తించాడు. ఇటువంటి యంత్రాలు సమాచారం పంపవు, రొద మాత్రం చేస్తాయి. ఆ రొదను ఒకచోట కట్టడి చేయడానికి 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ సమావేశం పారిశ్రామిక, శాస్త్రీయ, వైద్య అవసరాలకని కొన్ని పట్టీలు కేటాయించింది. 2450 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉన్నది వాటిలో ఒకటి. నీటి అణువులు సరిగ్గా ఈ పౌనఃపున్యం దగ్గరే అనునాదం చెందుతాయి కాబట్టి దీన్ని ఎంచుకున్నారన్న ప్రచారం నిజం కాదు. నీరు ఎన్నో పౌనఃపున్యాల వద్ద వేడెక్కుతుంది. ఇది పాలనాపరమైన నిర్ణయం మాత్రమే. ఊరికి పోరంబోకు ఎటువంటిదో రేడియో ప్రపంచానికి ఈ పట్టీ అటువంటిది: శిస్తు లేదు, పట్టా లేదు, పక్కవాడి మీద ఫిర్యాదు చేసే హక్కూ లేదు.

1985లో అమెరికా సమాచార నియంత్రణ సంస్థ, ఇంజనీర్ మైఖేల్ మార్కస్ చొరవతో, ఈ పోరంబోకులోకి సమాచార పరికరాలను అనుమతించింది. సంకేతాన్ని విస్తృతమైన పట్టీలో పరచి పంపే పద్ధతిని పాటిస్తే లైసెన్సు అక్కర్లేదు. వై-ఫై, బ్లూటూత్, వైర్‌లెస్ మౌస్ అన్నీ ఆ తలుపు తెరుచుకోవడం వల్ల విస్తరించినవే. భారతదేశంలో 1933 నాటి చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం కలిగి ఉండడమే నేరంగా ఉండేది. 2005 జనవరిలో ఈ పట్టీలోని తక్కువ శక్తి పరికరాలకు మినహాయింపు లభించింది. రక్షణ ఉండదన్న షరతు అక్కడా ఉంది. హ్యూస్టన్‌లోని మౌస్, హైదరాబాదులోని మౌస్ ఈ విషయంలో ఒకే ధర్మానికి కట్టుబడినవి.

ఇరుగుపొరుగు రొద మధ్య బతకడానికి ఈ పరికరాలు నేర్చిన విద్య చోటు మారడం. 1942లో నటి హెడీ లమార్, స్వరకర్త జార్జ్ ఆంథైల్ పొందిన పేటెంటులో టార్పెడోను నడిపే సంకేతం 88 పౌనఃపున్యాల మధ్య గెంతుతుంది. పియానో మెట్ల సంఖ్యా అంతే. ఆ పేటెంటు నుంచి నేటి పరికరాలకు నేరుగా వంశవృక్షం గీయడం అతిశయోక్తి అవుతుంది. సూత్రం మాత్రం ఆ కోవలోదే. తొలి బ్లూటూత్ 79 ఛానళ్ళ మధ్య సెకనుకు 1600 సార్లు గెంతేది. రొద ఉన్న ఛానళ్ళను గుర్తించి తప్పుకునే తెలివి 2003లో వచ్చింది. వెయ్యి వాట్ల పొయ్యి పక్కన మిల్లీవాట్ల స్థాయి మౌస్ పనిచేయగలగడంలో ఈ నేర్పు పాత్ర ఉంది. ట్రాన్స్‌ఫార్మర్‌తో నడిచే పొయ్యిలో మాగ్నెట్రాన్ విద్యుత్ చక్రంలో సగభాగమే వెలువరిస్తుంది. ఆ విరామాలలోనూ మౌస్ తన మాట జారవిడుస్తుంది.

పొయ్యి కంటే చిక్కైన పొరుగు కంప్యూటర్ లోపలి నుంచే వచ్చింది. 2008లో వెలువడిన యూఎస్‌బీ 3.0 సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో సమాచారాన్ని తరలిస్తుంది. ఆ వేగం వల్ల పుట్టే విద్యుదయస్కాంత రొద 2.4 గిగాహెర్ట్జ్ మీదుగా పరుచుకుంటుందని 2012లో ఇంటెల్ ఇంజనీర్లు ఒక పత్రంలో వివరించారు. ఈ రొద ఒక పట్టీ నిండా ఉంటుంది కాబట్టి గెంతినా తప్పించుకునే చోటు తక్కువ. పైగా మౌస్ ఒక బారెడు దూరంలో ఉంటే, రిసీవర్ మాత్రం హార్డ్ డిస్క్ తీగకు రెండు అంగుళాల ఎడంలో ఉంటుంది. రేడియో శక్తి దూరం పెరిగేకొద్దీ వేగంగా క్షీణిస్తుంది. దగ్గరి గుసగుస దూరపు మాటను మింగేస్తుంది.

ఈ చరిత్ర తెలిస్తే మరమ్మతు ఊహల పని కాదు. బాణం గుర్తు గాజుబల్ల మీద మాత్రమే ఎగిరిపడితే తప్పు రేడియోది కాదు, అడుగున ఉన్న కాంతి సెన్సర్‌ది. ఒక కాగితం పరిస్తే తేలిపోతుంది. హార్డ్ డిస్క్ ఊడదీయగానే కుదుటపడితే రొద యూఎస్‌బీది. భోజన వేళల్లోనే తడబడితే వంటింటి వైపు చూడాలి. రిసీవర్ కంప్యూటర్ వెనుక ఉంటే ఆ ఇనుప పెట్టే అడ్డుగోడ. వీటిలో ఏదీ లేదని తేలాకనే బ్యాటరీని, ఆ తరువాత మౌస్‌ను అనుమానించాలి.

లైసెన్సుకు దరఖాస్తు చేయకుండా, ఎవరికీ అద్దె కట్టకుండా ప్రపంచమంతటా ఒకే మౌస్ వాడగలగడం చిన్న సౌకర్యం కాదు. దాని ఖరీదే ఆ రెండవ షరతు. రొద మానమని పొరుగును ఆజ్ఞాపించే అధికారం పోరంబోకులో ఎవరికీ లేదు. కాస్త ఎడంగా జరగడం మాత్రం చేతిలో పని. అందుకే కొన్ని మౌస్‌ల పెట్టెలో రిసీవర్‌ను దూరం జరపడానికి ఒక చిన్న పొడిగింపు తీగ కూడా ఉంటుంది. తోక తెంచుకున్న ఎలుక సజావుగా నడవడానికి కంప్యూటర్‌కు జానెడు తోక తగిలించవలసి వచ్చింది.