భండారు అచ్చమాంబ

భండారు అచ్చమాంబ (1874–1905) తొలితరం తెలుగు కథకురాలు, స్త్రీల చరిత్ర రాసిన తొలి తెలుగు రచయిత్రి, మహిళా సమాజాల నిర్మాత. అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. కొమర్రాజు లక్ష్మణరావు ఈమె తమ్ముడు.

అచ్చమాంబ బడికి వెళ్లలేదు. మధ్యపరగణాల్లో ఇంజనీరుగా పనిచేసిన భండారు మాధవరావుతో చిన్నతనంలోనే పెళ్లయింది. చదువుకోసం తమ్ముడు అక్క దగ్గరికి చేరాక, అతని పాఠాల పక్కనే ఈమె చదువూ సాగింది. తెలుగు, హిందీ అలా పట్టుబడ్డాయి. మరాఠీ, బెంగాలీ, గుజరాతీ కూడా వచ్చునంటారు. అయితే ఏ భాషలో ఎంత ప్రవేశమో చెప్పడంలో జీవితచరిత్రకారులు ఒక్క మాట మీద లేరు.

ప్రధాన రచన ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ (1901). స్త్రీలు పుట్టుకతోనే బలహీనులు, తెలివితక్కువవారు, చదివిస్తే చెడిపోతారు అనే వాదనలకు ఇది జవాబు. అచ్చమాంబ తర్కంతో సరిపెట్టలేదు. ఒకరి తర్వాత ఒకరుగా స్త్రీల జీవితాలను ముందు పెట్టారు. చారిత్రక స్త్రీలు, వేద పురాణ కాలపు స్త్రీలు, విదేశీ స్త్రీలు అని మూడు భాగాలు తలపెట్టినా ఆ ప్రణాళిక పూర్తి కాలేదు. ఈ పుస్తకంలోని ‘ఖనా’ వరాహమిహిరుని కోడలని జనశ్రుతిలో ఉన్న జ్యోతిష్కురాలి కథ. కోడలి పాండిత్యాన్ని ఓర్వలేక ఆమె నాలుక కోయించారన్నది ఆ ఐతిహ్యంలోని ఘట్టం. చరిత్రగా దీన్ని నమ్మడానికి ఆధారాలు చాలవు. విద్యావతి పట్ల ఇంటివారికే ఉండే జంకును మాత్రం అది సూటిగా పట్టి చూపుతుంది.

ఆమె ఆదర్శ స్త్రీ పాతివ్రత్యాన్ని దాటదన్నది నేటి విమర్శకుల అభ్యంతరం. అది నిజమే. కానీ ‘ధనత్రయోదశి’ (1902) కథలో బీద గుమాస్తా తప్పుదారిన తెచ్చిన సొమ్మును భార్య ముట్టదు, తిరిగి ఇచ్చేయమని పట్టుబడుతుంది. నీతి నేర్పేది ఇక్కడ ఇల్లాలు, నేర్చుకునేవాడు భర్త. ఆనాటి కథల్లో ఈ తారుమారు చిన్నదేమీ కాదు.

తొలి తెలుగు కథ ఏదన్న వివాదం ఇంకా తెగలేదు. గురజాడ ‘దిద్దుబాటు’ (1910)ను నిలబెట్టేవారు దాని వాడుకభాషను, శిల్పాన్ని చూపుతారు. అంతకన్నా ముందే వచ్చిన అచ్చమాంబ కథలు గ్రాంథికంలో ఉన్నాయి, నీతిబోధ పాలు ఎక్కువ. ఆ లక్షణాలు నాణ్యతను తూచడానికి పనికొస్తాయి గాని, కాలక్రమాన్ని మార్చలేవు.

1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం స్థాపించారు. ఆంధ్రదేశంలో ఇదే మొదటి మహిళా సమాజమని తరచుగా అంటారు. తొలి వాటిలో ఒకటనడం క్షేమం. ఇతర ఊళ్లలోనూ ఇలాంటి సమాజాలకు ఆమె పూనుకున్నారు.

1905 జనవరిలో, ముప్పై ఒకటో ఏట కన్నుమూశారు. ప్లేగు రోగులకు సేవచేస్తూ ఆ జబ్బే సోకిందన్న కథనం ప్రచారంలో ఉంది. 1991లో సూసీ తారు, కె. లలిత సంకలనం చేసిన భారతీయ స్త్రీల రచనల ఇంగ్లీషు సంపుటిలో ‘ఖనా’ చేరడంతో తెలుగేతర పాఠకులకూ ఆమె పరిచయమయ్యారు.