ఓడ ఎక్కే ముందు: ఆరోగ్య పత్రం చరిత్ర

7.1 పరిచయం

2021లో విదేశంలో విహార నౌక ఎక్కబోయే ప్రయాణికుడి చేతిలో సాధారణంగా నాలుగు కాగితాలు ఉండేవి: పాస్‌పోర్టు, టికెట్టు, టీకా ధ్రువపత్రం, రెండు మూడు రోజుల లోపు చేయించుకున్న కోవిడ్ పరీక్ష ఫలితం. మొదటి మూడూ సక్రమంగా ఉన్నా నాలుగోది లేకపోతే ఓడ మెట్ల దగ్గరే ఆపేసేవారు. పరీక్ష ఫలితంలోని పేరు పాస్‌పోర్టులోని పేరుతో కలవకపోయినా చిక్కే. ఇంటిపేరు ముందు రాసే అలవాటున్న మనవాళ్ళకు ఈ ఇబ్బంది ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇదంతా కోవిడ్‌తో పుట్టిన కొత్త నిబంధన అని చాలామంది అనుకున్నారు. మీరు చరిత్ర విద్యార్థులు కనుక ఆ అభిప్రాయాన్ని పరిశీలించకుండా ఒప్పుకోకూడదు. ఓడ ప్రయాణికుల ఆరోగ్యాన్ని గురించిన నిబంధనలకు ఆరు వందల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఈ పాఠం చదువుతున్నంతసేపూ రెండు ప్రశ్నలు మనసులో ఉంచుకోండి. ఆరోగ్య పత్రం దేనికి సాక్ష్యం చెబుతోంది: ఊరికా, ఓడకా, మనిషి ఒంటికా? ఆ సాక్ష్యం చాలనప్పుడు నష్టం ఎవరి నెత్తిన పడుతోంది?

7.2 ఊరికి ఇచ్చిన పత్రం

ఏడ్రియాటిక్ సముద్ర తీరంలోని రాగూసా నగరం (నేటి డుబ్రోవ్నిక్) 1377లో ఒక చట్టం చేసింది. ప్లేగు ఉన్న ప్రాంతాల నుంచి వచ్చినవారు నెల రోజులు బయట గడిపిన తరువాతే నగరంలో అడుగుపెట్టాలి. తరువాతి కాలంలో ఆ గడువు నలభై రోజులైంది. ఇటాలియన్ భాషలో నలభైని సూచించే మాట నుంచే ‘క్వారంటైన్’ పుట్టింది. వెనిస్ 1423లో ఒక దీవిలో ప్లేగు ఆసుపత్రిని ఏర్పాటు చేసింది.

గడువుతో పాటు పత్రం కూడా వచ్చింది. ఓడ బయలుదేరే రేవులోని అధికారులు కెప్టెన్‌కు ఒక ఆరోగ్య పత్రం ఇచ్చేవారు. రేవులో అంటువ్యాధి లేకపోతే అది ‘శుభ్ర’ పత్రం, ఉంటే ‘అశుభ్ర’ పత్రం. ఇక్కడ మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ పత్రంలో ప్రయాణికుల నాడి గురించి, జ్వరం గురించి ఏమీ ఉండదు. అది ఊరికి ఇచ్చిన యోగ్యతాపత్రం. ఊరు బాగుంటే ఓడలోని వారందరూ బాగున్నట్టే. ఊళ్ళో రోగముంటే రాయిలాంటి మనిషి కూడా అనుమానితుడే. పద్ధతి మోటుదే. అయినా వర్తకుడికీ, అతని నౌకరుకూ ఒకే గడువు వర్తించేది.

7.3 ఒంటి మీదికి వచ్చిన పరీక్ష

19వ శతాబ్దంలో ఆవిరి ఓడలు, సూయజ్ కాలువ (1869), లక్షల సంఖ్యలో కూలీల వలస కలిసి ఈ పద్ధతిని మార్చాయి. నలభై రోజులు సరకు ఆపితే వ్యాపారం సాగదు. 1851లో పారిస్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ ఆరోగ్య సమావేశం నుంచి ఐరోపా రాజ్యాలు దశాబ్దాలపాటు వాదించుకున్నది ప్రధానంగా ఈ విషయం మీదే: వ్యాపారాన్ని ఆపకుండా రోగాన్ని ఆపడం ఎలా? సరకుకు వీలైనంత సడలింపు ఇచ్చి, మనుషులను, అందులోనూ చవక టికెట్టు మనుషులను, గట్టిగా పరీక్షించడం వారికి దొరికిన సమాధానాల్లో ఒకటి.

ఈ మార్పులో మనవారికి నేరుగా భాగముంది. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి బయలుదేరిన ‘ట్రూరో’ అనే ఓడ నవంబరు 16న 342 మందితో దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేరింది. వారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. ఒప్పంద కూలీలను ఓడ ఎక్కించే ముందు డిపోలో ఉంచేవారు. అక్కడ వైద్యుడు చూసి ‘పనికి వస్తాడు’, ‘పనికి రాడు’ అని తేల్చేవాడు. పేరు, తండ్రి పేరు, ఊరు, కులంతో పాటు ఒంటి మీది గుర్తులను కూడా జాబితాలో రాసుకునేవారు. నేడు దక్షిణాఫ్రికాలోని తెలుగు కుటుంబాలు తమ పూర్వీకుల ఊరు వెతుక్కునేది ఈ జాబితాల్లోనే.

ఆ పరీక్ష దేనికి? కూలీ మంచికే అని చట్టాల భాష చెబుతుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. కిక్కిరిసిన ఓడలో కలరా తలెత్తితే ఏమవుతుందో అందరికీ తెలుసు. 1879 మే 14న కలకత్తా నుంచి ఫిజీ చేరిన ‘లియోనిడాస్’ ఓడలో కలరా, మశూచి రెండూ ప్రబలాయి. దిగవలసినవారిని ఒక చిన్న దీవిలో వేరుగా ఉంచవలసి వచ్చింది. కాని ఓడ వైద్యుడికి జీతం లెక్కకట్టే తీరు చూడండి. ప్రాణాలతో దింపిన ఒక్కొక్క మనిషికి ఇంత అని చెల్లించే పద్ధతి ఉండేది. కనుక సముద్రం మీద చనిపోయేటట్టు కనిపించే మనిషిని రేవులోనే వదిలెయ్యడం ఓడకు లాభం. అప్పు చేసి, ఊరు విడిచి, డిపో దాకా వచ్చిన మనిషికి ‘పనికి రాడు’ అన్న మాట ఎంత బరువో ఆ రిజిస్టర్లలో కనబడదు.

ఇలాంటి ఏర్పాటు మన పొరుగున సిలోన్ దారిలోనూ ఉండేది. రామేశ్వరం దగ్గరి మండపం శిబిరంలో తోట కూలీలను కొన్ని రోజులు ఆపి, పరీక్షించి, టీకాలు వేసి సముద్రం దాటించేవారు. అక్కడి రైలు స్టేషను పేరు నేటికీ ‘మండపం క్యాంప్’. కూలీల కోసం కట్టిన ఆ శిబిరమే తరువాత శ్రీలంక నుంచి వచ్చిన తమిళ శరణార్థులకు ఆశ్రయమైంది.

7.4 డర్బన్ రేవులో రెండు ఓడలు, 1896

ఆరోగ్య నిబంధన ఎప్పుడు ఆరోగ్యానికి, ఎప్పుడు మరొకదానికి పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఈ ఉదంతాన్ని మించినది లేదు. కాస్త నిదానంగా చదవండి.

1896లో బొంబాయిలో ప్లేగు బయటపడింది. అదే ఏడాది చివర బొంబాయి నుంచి బయలుదేరిన ‘కోర్లాండ్’, ‘నాదెరి’ అనే రెండు ఆవిరి ఓడలు డిసెంబరు 18న డర్బన్ చేరాయి. రెండింటిలో కలిపి సుమారు 800 మంది ప్రయాణికులున్నారు. వారిలో గాంధీ, ఆయన కుటుంబం ఉన్నారు. ఓడల్లో ప్లేగు రోగులు లేరు. అయినా బొంబాయి వ్యాధిగ్రస్త రేవు కనుక పసుపు జెండా ఎగురవేసి రేవు బయటే ఉండాలన్నారు. ప్లేగు బయటపడడానికి 23 రోజుల దాకా పట్టవచ్చునని వైద్యాధికారి వాదన. అప్పటికి ఓడలు బయలుదేరి 18 రోజులయింది కనుక మరో ఐదు రోజులు చాలు. కాని ఆ ఐదు రోజులు ముగిసినా దిగనివ్వలేదు. గడువు మళ్ళీ పెరిగింది. ప్రయాణికులు చివరికి దిగింది 1897 జనవరి 13న.

మధ్యలో ఏం జరిగింది? డర్బన్‌లోని తెల్లవారు సభలు పెట్టి, భారతీయులను దిగనివ్వకూడదని తీర్మానించారు. తిరిగి వెళ్ళిపోతే ఛార్జీలు ఇప్పిస్తామని ఆశ చూపారు, లేకపోతే సముద్రంలోకి తోస్తామని బెదిరించారు. వలస ప్రభుత్వంలోని ముఖ్యుడు హ్యారీ ఎస్కాంబ్ ఆ ఉద్యమానికి సానుభూతి చూపాడు. దిగిన రోజున గాంధీ మీద గుంపు దాడి చేసింది. పోలీసు అధికారి భార్య మిసెస్ అలెగ్జాండర్ అడ్డుపడకపోతే ఆయన ప్రాణానికే ముప్పు వచ్చేది.

ప్లేగు మనిషికి సోకాక సాధారణంగా వారం లోపే బయటపడుతుందని ఇప్పుడు మనకు తెలుసు. ఆనాటి వైద్యులకు అంత కచ్చితంగా తెలియకపోవచ్చు. 23 రోజుల లెక్కను అజ్ఞానంగా సరిపెట్టుకోవచ్చు. ఆ లెక్క దాటిన తరువాత కూడా ఆపడాన్ని మాత్రం అలా సరిపెట్టుకోలేం. ఇంకో విశేషముంది. ఎలుకల మీది ఫ్లీ పురుగుల ద్వారా ప్లేగు వ్యాపిస్తుందని పాల్ లూయి సిమోండ్ 1898లో ప్రతిపాదించాడు. అంటే ప్రపంచంలోని రేవులన్నీ ప్రయాణికుల చంకలు, గజ్జలు తడిమి చూస్తున్న రోజుల్లో అసలు ప్రయాణికులైన ఎలుకలు మోకుల మీదుగా యథేచ్ఛగా దిగిపోతున్నాయి.

ఆ 1897లోనే నేటాల్ శాసనసభ వలసల నియంత్రణ చట్టం చేసింది. ఐరోపా భాషలో దరఖాస్తు రాయలేనివారిని, అసహ్యకరమైన లేదా ప్రమాదకరమైన అంటురోగం ఉన్నవారిని అది రానివ్వదు. ఒప్పంద కూలీలకు మాత్రం మినహాయింపు. రోగం సంగతి పక్కనపెట్టి చూస్తే ఆ చట్టానికి ఎవరు కావాలో, ఎవరు అక్కరలేదో మీకు తేలికగా అర్థమవుతుంది.

ఆలోచించండి: డర్బన్ సంఘటనలో క్వారంటైన్ మొదటి ఐదు రోజులను, తరువాతి రోజులను ఒకే దృష్టితో చూడవచ్చునా? మీ సమాధానాన్ని పది వాక్యాల్లో రాయండి.

7.5 కంపెనీ నెత్తిన పడిన జరిమానా

అదే కాలంలో అట్లాంటిక్ సముద్రానికి రెండు వైపులా మరో మార్పు జరుగుతోంది. 1891లో అమెరికా చేసిన చట్టం ప్రకారం, ఆరోగ్య కారణాలతో తిరస్కరించిన వలసదారుణ్ణి తెచ్చిన ఓడ కంపెనీయే సొంత ఖర్చుతో తిరిగి తీసుకుపోవాలి. 1892 జనవరి 1న ఎల్లిస్ దీవి కేంద్రం తెరుచుకుంది. అక్కడ వైద్యులు వరుసలో నడిచే వారిని చూస్తూ, అనుమానం వస్తే కోటు మీద సుద్దముక్కతో అక్షరం రాసేవారు: గుండెకు ఒకటి, కళ్ళకు ఒకటి. ట్రకోమా అనే కంటి జబ్బు కోసం రెప్పలు తిరగేసి చూసేవారు. మొదటి, రెండో తరగతి ప్రయాణికులను మాత్రం ఓడలోనే పైపైన చూసి పంపేసేవారు. ఈ తేడాను మళ్ళీ ఒకచోట కలుసుకుంటాం.

ఆ ఏడాదే జర్మనీలోని హాంబర్గ్‌లో కలరా వచ్చి 8 వేల మందికి పైగా చనిపోయారు. వెంటనే అమెరికా అధ్యక్షుడు హారిసన్ వలసదారులను తెచ్చే ఓడలకు 20 రోజుల క్వారంటైన్ విధించాడు. వలసదారుల టికెట్ల మీద బతికే కంపెనీలకు అది పెద్ద దెబ్బ. 1903 చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఓడ ఎక్కేటప్పుడే సమర్థుడైన వైద్యుడు కనిపెట్టగల రోగాన్ని కనిపెట్టకుండా తెస్తే, మనిషికి 100 డాలర్ల చొప్పున కంపెనీ చెల్లించాలి. ఫలితం మీరే ఊహించవచ్చు. హాంబర్గ్‌లో ఓడ కంపెనీ 1901 నాటికే వలసదారుల కోసం ప్రత్యేక వసతి గృహాలు కట్టి, స్నానాలు, వైద్య పరీక్షలు అక్కడే జరిపిస్తోంది.

నేడు ఓడ మెట్ల దగ్గర కంపెనీ ఉద్యోగి మీ కాగితాలు చూసే పద్ధతికి మూలాల్లో ఇది ముఖ్యమైనది. గమ్యదేశపు సరిహద్దు బయలుదేరే రేవుకు జరిగి వచ్చింది; అధికారి పని గుమాస్తా చేతికి వచ్చింది. తిరస్కరించిన గుమాస్తా దగ్గర అప్పీలు చేసుకోవడం ఎంత కష్టమో అనుభవించినవారికి తెలుస్తుంది.

7.6 పసుపు పుస్తకం

రెండో ప్రపంచయుద్ధం తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ 1951లో అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలను ఆమోదించింది. వాటితో ప్రయాణికుడి పేరు మీద ఉండే టీకా పత్రానికి ఒకే నమూనా స్థిరపడింది. దీన్నే మనం పసుపు పుస్తకం అంటున్నాం. మశూచి 1980లో నిర్మూలన కావడంతో ఆ టీకా అవసరం తీరిపోయింది. ఎల్లో ఫీవర్ టీకా మిగిలింది.

ఈ విషయంలో భారతదేశం చాలా కఠినంగా ఉంటుంది. కారణం స్పష్టమే: ఆ జ్వరం ఇక్కడ లేదు, దాన్ని మోసే దోమ మాత్రం ఉంది. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లోని జాబితా దేశాల మీదుగా చెల్లుబాటయ్యే పత్రం లేకుండా తిరిగివస్తే ఆరు రోజుల దాకా వేరుగా ఉంచవచ్చు. టీకా వేయించుకున్న పది రోజుల తరువాతే పత్రం అమలులోకి వస్తుంది. కనుక ప్రయాణం ముందు రోజు వేయించుకుంటే లాభం లేదు. 2016 జులై నుంచి ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. విహార నౌక దారిలో ఒక్క రేవు ఆ జాబితాలో ఉన్నా నియమం వర్తించవచ్చు. టికెట్టు కొనేముందు గమ్యస్థానాన్ని మాత్రమే కాకుండా మధ్య రేవులన్నిటినీ చూసుకోవలసింది అందుకే.

7.7 డైమండ్ ప్రిన్సెస్, 2020

2020 జనవరి 20న జపాన్‌లోని యోకోహామా నుంచి ‘డైమండ్ ప్రిన్సెస్’ విహార నౌక బయలుదేరింది. జనవరి 25న హాంకాంగ్‌లో దిగిన ఒక ప్రయాణికుడికి కోవిడ్ ఉన్నట్టు ఫిబ్రవరి 1న తేలింది. ఓడ యోకోహామాకు తిరిగివచ్చేసరికి అందులో 3,711 మంది ఉన్నారు. చివరికి 712 మందికి సోకింది. పరీక్షలో పాజిటివ్ వచ్చిన వారిలో సుమారు సగం మందికి ఆ సమయానికి లక్షణాలేమీ లేవు. జ్వరం చూసి మనిషిని పంపే వందేళ్ళ పద్ధతి ఇక్కడ చేతులెత్తేసింది.

ఫిబ్రవరి 5 నుంచి ప్రయాణికులను గదులకే పరిమితం చేశారు. మరి వారికి భోజనం ఎవరు వండారు, ఎవరు తలుపు దగ్గరికి తెచ్చారు? ఓడ సిబ్బంది. కింది అంతస్తుల్లో గదులు పంచుకుంటూ, ఒకేచోట తింటూ వారు పని చేస్తూనే ఉన్నారు. ఓడలోని 138 మంది భారతీయుల్లో 132 మంది సిబ్బందే. ఎల్లిస్ దీవి రోజుల్లో టికెట్టు తరగతిని బట్టి పరీక్షలో తేడా; ఇక్కడ రక్షణలో తేడా. ఫిబ్రవరి 27న ప్రత్యేక విమానం 119 మంది భారతీయులను ఢిల్లీకి చేర్చింది.

ఆ మార్చిలో అమెరికా విహార నౌకల ప్రయాణాలను ఆపేసింది. 2021 జూన్‌లో అవి తిరిగి మొదలైనప్పుడు పాఠం మొదట చెప్పుకున్న నాలుగు కాగితాలు రంగంలోకి వచ్చాయి. ఇప్పుడు పత్రం చెప్పే సాక్ష్యం మరింత కురచైంది: ఊరికి కాదు, ఓడకు కాదు, ‘ఈ మనిషికి ఈ గంటన ఈ సూక్ష్మజీవి కనబడలేదు’ అని మాత్రమే. పరీక్ష ఖర్చు చాలా సందర్భాల్లో ప్రయాణికుడిదే. గడువును నమూనా ఇచ్చిన సమయం నుంచి లెక్కించాలా, ఫలితం వచ్చిన సమయం నుంచా అన్నది కూడా తనే తెలుసుకోవాలి. 2022 జులైలో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ విహార నౌకల కోవిడ్ కార్యక్రమాన్ని ముగించింది. ఆ తరువాత నియమాలు ఎక్కువగా కంపెనీల ఇష్టానికి, గమ్యదేశాల ఇష్టానికి వదిలేశారు.

2024లో సవరించిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు ఆరోగ్య పత్రాలు కాగితం మీదైనా, డిజిటల్ రూపంలోనైనా ఉండవచ్చునని అంగీకరించాయి. ఇక పసుపు జెండా సంగతి. డర్బన్‌లో క్వారంటైన్‌కు గుర్తుగా ఎగిరిన ఆ రంగు జెండాకు నేటి నౌకా సంకేతాల్లో అర్థం తిరగబడింది: ‘మా ఓడ ఆరోగ్యంగా ఉంది, రేవులోకి అనుమతించండి’ అని.

అభ్యాసం: మీ ఇంట్లో ఉన్న ఏదైనా ఆరోగ్య పత్రాన్ని తీసుకోండి, టీకా పత్రం కావచ్చు, గల్ఫ్ ఉద్యోగానికి చేయించుకున్న వైద్య పరీక్ష నివేదిక కావచ్చు. అది ఎవరు ఇచ్చారు, ఎవరు అడిగారు, ఖర్చు ఎవరు భరించారు, తిరస్కరిస్తే ఎవరికి నష్టం అన్న అంశాలను 1860 నాటి డిపో పరీక్షతో పోల్చి ఒక పేజీ రాయండి.