మంచు తోసేవాళ్లకు దారి ఎవరు తోస్తారు?

మంచు కురిసి రోడ్లన్నీ మూసుకుపోయాయి. ఆ మంచు తోసే స్నోప్లౌ డ్రైవరు ఇంట్లోంచి డ్యూటీకి ఎలా వస్తాడు? చిన్నపిల్లలు అడిగే ప్రశ్నలా ఉంది గానీ, 1969లో న్యూయార్క్ మేయర్ జాన్ లిండ్సే పదవికి ఇంచుమించు ఎసరు పెట్టింది ఇదే.

ఆ ఫిబ్రవరి 9 ఆదివారం. మంచు కాసేపు పడి వానగా మారుతుందని అంచనా. సెలవు రోజు కాబట్టి పనిలో ఉన్నవాళ్లు తక్కువ. అక్కడ మంచు తీసే బాధ్యత పారిశుద్ధ్య శాఖది. చెత్త లారీలకే ముందు పెద్ద ఉక్కు పలక బిగించి, చక్రాలకు గొలుసులు చుట్టి రోడ్డెక్కిస్తారు. చిటికెలో అయ్యే పని కాదది. మనుషులు ముందే గ్యారేజీలో ఉండాలి. ఆ రోజు వాన రాలేదు, మంచు ఆగలేదు. సెంట్రల్ పార్కులో 15 అంగుళాలు పేరుకుంది. అప్పుడు కబురు పెడితే మాత్రం, గుమ్మం దాటలేని మనిషి గ్యారేజీ చేరేదెలా? దానికి తోడు నగరంలో మంచు తీసే యంత్రాల్లో 40 శాతం మరమ్మతుల్లేక మూలపడి ఉన్నాయి.

42 మంది చనిపోయారు. వారిలో దాదాపు సగం మంది క్వీన్స్ ప్రాంతం వాళ్లే. అక్కడి వీధుల వైపు రోజుల తరబడి బండి తొంగి చూడలేదు. నోబెల్ శాంతి బహుమతి గ్రహీత రాల్ఫ్ బంచ్ ఇల్లూ అక్కడే. ఆయనంతటివాడు మేయర్‌కు టెలిగ్రాం కొట్టాల్సి వచ్చింది. పరామర్శకు బయల్దేరిన లిండ్సే కారు రీగో పార్కు దగ్గర మంచులో కూరుకుపోయింది. ట్రక్కు ఎక్కి ముందుకెళితే జనం శాపనార్థాలు పెట్టారు. జూన్‌లో సొంత రిపబ్లికన్ పార్టీ టికెట్ పోయింది. మంచు విషయంలో పొరబడ్డానని టీవీ ప్రకటనలో ఒప్పుకుని, లిబరల్ పార్టీ తరఫున నిలబడి నవంబరులో ఎలాగో గట్టెక్కాడు.

అసలు కిటుకు మంచు కంటే ముందు చేరుకోవడమే. హెచ్చరిక రాగానే డ్రైవర్లను పిలిపించి 12 గంటల షిఫ్టులు వేస్తారు. ఇల్లు దూరమైనవాళ్లు గ్యారేజీలోనే మడత మంచాల మీద నడుం వాలుస్తారు. తుపానుకు ముందే మన కోస్తాకు కరెంటు సిబ్బందినీ స్తంభాలనూ తరలిస్తారు కదా, అదే పద్ధతి.

డ్రైవరు వచ్చినా ఒక్కోసారి బండికి దారుండదు. 1978 ఫిబ్రవరి 6న బోస్టన్‌లో ఉదయం మంచు జాడ లేకపోవడంతో జనం మామూలుగానే ఆఫీసులకెళ్లారు. మధ్యాహ్నం అందరూ ఒక్కసారే ఇంటిదారి పట్టేసరికి 128వ నంబరు రోడ్డు మీద 3,000కు పైగా కార్లు ఇరుక్కుపోయాయి. వాటిని లాగితే తప్ప మంచు తీయడానికి వీల్లేదు. గవర్నర్ డుకాకిస్ ప్రైవేటు వాహనాలు తిరగకుండా నిషేధించాడు.

న్యూయార్క్ పాఠం నేర్చుకుందా అంటే, అంతంతమాత్రమే. 2010 డిసెంబరు 26, క్రిస్మస్ మర్నాడు, మళ్లీ ఆదివారమే! ఈసారి 20 అంగుళాలు. మేయర్ బ్లూమ్‌బర్గ్ అత్యవసర పరిస్థితి ప్రకటించలేదు. వందల బస్సులు, అంబులెన్సులు వీధుల్లో చిక్కుకున్నాయి. సిబ్బంది కావాలనే నెమ్మదిగా పనిచేశారని నింద వేశారు. విచారణ జరిపితే, కూడబలుక్కుని అలా చేశారనడానికి ఆధారం దొరకలేదు. తర్వాత బండ్లకు జీపీఎస్ పెట్టారు. ఏ వీధిలో ఎప్పుడు మంచు తోశారో ఇప్పుడు జనమే ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు.