ఆజ్ఞకు పట్టు విడిచేదే మేటి జాగిలం

అగళి: గొర్రెల దొడ్ల వద్ద, తోటల్లో, వేరుశనగ కళ్లాల్లో కావలికి కుక్కను పెంచడం అగళి ప్రాంతంలో పాత ఆనవాయితీ. కొత్తవారిని చూడగానే మీదికి దూకే కుక్కే ధైర్యం గలదని పలువురి నమ్మకం. పని జాగిలాల పరీక్షల్లో మాత్రం అటువంటి కుక్క నెగ్గడం కష్టం. యజమాని ఆజ్ఞాపించగానే పట్టు వదలని జాగిలాన్ని అక్కడ పోటీ నుంచే తొలగిస్తారు.

గొర్రెల కాపరి కుక్కతో మొదలు

ఈ పరీక్షలకు మూలం గొర్రెల కాపరుల కుక్కే. జర్మన్ షెపర్డ్ జాతి పరిరక్షణకు 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ నాయకత్వంలో జర్మనీలో సంఘం ఏర్పడింది. అందాన్ని బట్టి కాక పనితనాన్ని బట్టి సంతతికి కుక్కలను ఎంపిక చేయాలన్న ఆలోచనతో 20వ శతాబ్ది ఆరంభంలో పరీక్షలు రూపుదిద్దుకున్నాయి. వీటికి ‘షుట్జ్‌హుండ్’ అని పేరు. రక్షక శునకం అని దాని అర్థం. అంతర్జాతీయ శునక సమాఖ్య నిబంధనల ప్రకారం 2019 నుంచి ఇవి ‘ఐజీపీ’ పేరుతో జరుగుతున్నాయి.

మూడు అంచెలు

వాసన పట్టి జాడ తీయడం, విధేయత, రక్షణ అని పరీక్షలో మూడు అంచెలు. ఒక్కో అంచెకు 100 చొప్పున మొత్తం 300 మార్కులు. ప్రతి దానిలోనూ కనీసం 70 రావాలి. ఒక అంచెలో ఎన్ని మార్కులు వచ్చినా మరో అంచెలోని లోటును అవి పూడ్చలేవు. వీటికి ముందు, జన సమూహంలోనూ, రహదారిపై సైకిళ్ల నడుమా జాగిలం నెమ్మదిగా మెలగగలదని నిరూపించే ప్రాథమిక పరీక్ష నెగ్గాలి.

విధేయత అంచెలో గొలుసు లేకుండా యజమాని ఎడమ పక్కన నడవాలి. కూర్చోమంటే కూర్చోవాలి, పడుకోమంటే పడుకోవాలి. విసిరిన చెక్క డంబెల్‌ను తెచ్చి ఇవ్వాలి. మధ్యలో తుపాకీ పేలుస్తారు. చప్పుడుకు బెదిరి పారిపోయే జాగిలానికి ఇక అవకాశం ఉండదు. ఆదేశం ఏ భాషలోనైనా ఇవ్వవచ్చు. తెలుగు, కన్నడం రెండూ వినిపించే సరిహద్దు గ్రామాల్లో గమనించదగ్గ విషయం ఒకటుంది. ఒక పనికి ఎప్పుడూ ఒకే మాట వాడాలి.

ధైర్యానికి కొలత

రక్షణ అంచెలో చేతికి దట్టమైన తొడుగు ధరించిన సహాయకుడు మాటున దాగి ఉంటాడు. జాగిలం వెతికి పట్టుకోవాలి. అతడు కదలకుండా నిలబడితే మొరుగుతూ కాపు కాయాలే తప్ప కరవరాదు. చివరి ఘట్టంలో అతడు కేకలు వేస్తూ, మెత్తని కర్ర ఝళిపిస్తూ దూరం నుంచి జాగిలం మీదికే పరుగెత్తి వస్తాడు. వెనుకంజ వేయక ఎదురేగి తొడుగును గట్టిగా పట్టుకోవాలి. అతడు కదలిక ఆపాక ఒక్క ఆజ్ఞతో వదలాలి. మరో రెండుసార్లు చెప్పినా వదలకపోతే అనర్హత తప్పదు.

భయపడిన కుక్క కూడా కరుస్తుంది. రోజంతా గొలుసుకు కట్టి ఉంచిన కుక్క ఎగబడటం వెనుక తరచుగా భయమే ఉంటుంది. భయానికీ ధైర్యానికీ గల తేడాను ఈ ఘట్టం బయటపెడుతుంది.

మన దగ్గర

భద్రతా దళాల జాగిలాలకు ఈ క్రీడతో నిమిత్తం లేకుండా ప్రత్యేక శిక్షణ ఉంది. గ్వాలియర్ సమీపంలోని టేకన్‌పూర్‌లో సరిహద్దు భద్రతా దళానికి, బెంగళూరు సమీపంలోని తరళులో సీఆర్పీఎఫ్‌కు శిక్షణ కేంద్రాలున్నాయి. పేలుడు పదార్థాలు పసిగట్టే జాగిలానికైనా, నేరస్థుని జాడ తీసే జాగిలానికైనా తొలి పాఠం విధేయతే.

పెంపకందారులకు సూచనలు

శిక్షకుని పర్యవేక్షణ లేకుండా ఇంటి కుక్కకు కరవడం నేర్పరాదు. పిల్లగా ఉన్నప్పుడే నోటిలోని వస్తువును ‘వదులు’ అనగానే విడిచేలా, పిలవగానే వచ్చేలా అలవాటు చేయాలి. విడిచిన ప్రతిసారీ చిన్న తినుబండారం ఇస్తే త్వరగా నేర్చుకుంటుంది. రేబిస్ టీకా గడువు తప్పకుండా వేయించాలి. పెంపుడు జంతువు వల్ల ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా నిర్లక్ష్యం వహిస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు, లేదా రూ.5 వేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఎవరినైనా కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బు, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి.