ఫైబర్ నుంచి స్విచ్ దాకా: ఆంధ్రప్రదేశ్‌లో అనుసంధాన చరిత్ర

ఆప్టికల్ ఫైబర్‌లో వచ్చే కాంతి సంకేతాన్ని విద్యుత్ సంకేతంగా మార్చి నెట్‌వర్క్ స్విచ్‌కు అందించడాన్ని ఫైబర్ అనుసంధానం అంటారు. ఎన్ని వేల కిలోమీటర్ల కేబుల్ లాగినా, చివరి అతుకు కుదిరితేనే ఊళ్లో ఇంటర్నెట్ పనిచేస్తుంది.

నేపథ్యం

గాజును బాగా శుద్ధి చేస్తే కాంతి చాలా దూరం పోతుందని 1966లో చార్లెస్ కావో ప్రతిపాదించారు. 2009లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది. 1970లో కార్నింగ్ సంస్థ అలాంటి తంతువును తయారుచేసింది. తొలి ఈథర్‌నెట్ స్విచ్‌ను 1990లో అమెరికాలోని కల్పన అనే సంస్థ తెచ్చింది. భారత సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. సంస్థకు తన భార్య పేరే పెట్టారు. రాగి తీగ పోర్టులే ఉన్న స్విచ్‌కు ఫైబర్ కలపాలంటే మధ్యలో కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే మీడియా కన్వర్టర్ పెట్టాలి. తర్వాత అదే పనికి వచ్చిన ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్ వేలెడంతే ఉంటుంది, నేరుగా స్విచ్‌లోనే దూరుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో

గ్రామ పంచాయతీలకు ఫైబర్ వేసే పథకాన్ని కేంద్రం 2011లో ఆమోదించింది. ముందుగా ప్రయోగం చేసిన మూడు ప్రాంతాల్లో అప్పటి విశాఖ జిల్లా పరవాడ ఒకటి. 2015లో రాష్ట్రం తరఫున ఏపీ ఫైబర్‌నెట్ సంస్థ ఏర్పడింది. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగి, పరికరాలను విద్యుత్ సబ్‌స్టేషన్లలో ఉంచారు. అప్పటి 13 జిల్లాల్లో సుమారు 23,800 కిలోమీటర్ల ఈ తొలి దశకు 333 కోట్ల రూపాయలు కేటాయించారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, ఫోన్, టీవీ ఇస్తామన్నారు.

అతుకు

ఇళ్లకు కనెక్షన్ ఇచ్చేది ఊరి కేబుల్ ఆపరేటరే. ఒక్క ఫైబర్‌లోని కాంతిని స్ప్లిటర్ పలు ఇళ్లకు పంచుతుంది. ఆఫీసుల్లోనైతే ప్యాచ్ కార్డ్ అనే పొట్టి ఫైబర్ తీగ ఎస్‌ఎఫ్‌పీలోకి వెళ్తుంది. కేబుల్ తెగినచోట పనివాడు పైపూత వలిచి, తంతువును స్పిరిట్‌తో తుడిచి, క్లీవర్‌తో కొనను నిటారుగా కోస్తాడు. స్ప్లైసింగ్ మెషిన్ రెండు కొనలను కరిగించి ఒకటి చేస్తుంది. ముందే తొడిగి ఉంచిన స్లీవ్‌ను పైకి జరిపి వేడి చేస్తే అతుకు గట్టిపడుతుంది. కాంతి ప్రయాణించే గాజు నడిమి మందం దాదాపు 9 మైక్రాన్లే. కనెక్టర్ కొసన కంటికి ఆనని దుమ్ము కణం కూర్చున్నా సిగ్నల్ పడిపోతుంది. ఇంట్లోని ఇంటర్నెట్ పెట్టెమీద ఎర్రలైటు వెలుగుతుంది.

ప్రాముఖ్యం

కర్నూలు–కడప రహదారి మీదున్న దువ్వూరు లాంటి మండల కేంద్రాల్లో ఎండాకాలపు దుమ్ము, గాలివానకు ఒరిగే స్తంభాలు ఏటా ఉండేవే. తవ్వకం ఖర్చును స్తంభాలు మిగిల్చాయి. ఆ మిగులుకు బదులుగా కేబుల్ తెగిన ప్రతిసారీ ఎవరో ఒకరు నిచ్చెన ఎక్కాలి. అందుకే ఈ చరిత్రలో శాస్త్రవేత్త పక్కన, మెషిన్ సంచీ భుజాన వేసుకుని వచ్చే ఊరి పనివాడికీ చోటుండాలి.