రైలు కట్ట, దోమ, మందు

ఖరగ్‌పూర్ అనగానే మీలో చాలామందికి 1072.5 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫారం గుర్తుకు వస్తుంది. చాలాకాలం అది ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు పొందింది. బెంగాల్ నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) 19వ శతాబ్దం చివర ఇక్కడ జంక్షన్‌ను, ఆ తరువాత పెద్ద వర్క్‌షాపును నెలకొల్పింది. పనికోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన అనేక తెలుగు కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. అయితే ఇక్కడినుంచి వాల్తేరు దాకా, మరోవైపు సింగ్‌భూమ్ కొండల్లోకి సాగిన ఈ రైలుమార్గాలకు ఇంకో చరిత్ర కూడా ఉంది. అది మలేరియాతో జరిగిన పోరాట చరిత్ర.

కట్టవేస్తే జ్వరం ఎందుకు?

రైలు కట్ట వేయడానికి మట్టి కావాలి. దాన్ని పక్కనే తవ్వి తీస్తారు. వానాకాలంలో ఆ గుంతలు నిండుతాయి. కట్ట అడ్డుపడటంవల్ల పొలాల నీరు సహజంగా పారే దారి కూడా మూసుకుపోతుంది. రోడ్లు, రైలు కట్టలు నీటిపారుదలను అడ్డగించడంవల్లనే బెంగాల్‌లో జ్వరాలు ప్రబలుతున్నాయని 1864 నాటి జ్వరాల కమిషన్ సభ్యుడు దిగంబర్ మిత్ర వాదించాడు. అప్పటికి మలేరియాకూ దోమకూ ఉన్న సంబంధం ఎవరికీ తెలియదు! 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాకే అసలు గుట్టు బయటపడింది. 1925లో బెంగాల్ ప్రజారోగ్య డైరెక్టర్ సి.ఎ. బెంట్లీ తన పుస్తకంలో ఈ కట్టల సమస్యను మళ్ళీ వివరంగా చర్చించాడు.

ఏ దోమ, ఏ నీరు?

దోమలన్నీ ఒకటి కాదు. అనాఫిలిస్ స్టీఫెన్సీ పట్టణాల్లోని బావుల్లో, నీటి తొట్లలో పెరుగుతుంది. క్యూలిసిఫేసిస్‌కు గుంతలు, కాలువలు అనుకూలం. ఫ్లువియాటిలిస్‌కు కొండవాగుల్లో మెల్లగా పారే తేటనీరు కావాలి. సండైకస్ సముద్రతీరపు ఉప్పునీటిలోనూ బతుకుతుంది. కనుక కనిపించిన నీటినల్లా పూడ్చనక్కరలేదు. రోగం మోసే దోమ ఏదో, అది గుడ్లు పెట్టే నీరు ఏదో తెలుసుకుని, దాన్నే మార్చితే చాలు.

బి.ఎన్.ఆర్.లో మలేరియా నిపుణుడిగా పనిచేసిన రొనాల్డ్ సీనియర్-వైట్ ఈ మార్గంలోనే నడిచాడు. భారతీయ రైల్వేలలో మలేరియాపై ఆయన రాసిన అధ్యయనం 1928లో వెలువడింది. 1940ల దశకంలో వి. వెంకటరావుతో కలిసి విశాఖపట్నం పరిసరాల్లో మలేరియా వ్యాప్తిని పరిశోధించాడు. ఇలాంటి పరిశోధనకు ప్రయోగశాల ఒక్కటే చాలదు. గుంత గుంతకూ వెళ్ళి గరిటెతో నీళ్ళు తోడి, లార్వాలను లెక్కపెట్టే సిబ్బంది కావాలి. పుస్తకాల్లో పేరు కనిపించకపోయినా మలేరియా నిరోధానికి ఆధారం వారి శ్రమే.

ప్రతి మందుకూ ఒక వెల

ఆ కాలంలో నీటిమీద నూనె చల్లేవారు. దోమ లార్వా నీటి ఉపరితలానికి వచ్చి గాలి పీలుస్తుంది. నూనె పొర దానికి ఊపిరి ఆడకుండా చేస్తుంది. కాని ఆ నీరు పశువులకు పనికిరాదు. పారిస్ గ్రీన్ అనే పొడిని కూడా వాడేవారు. అందులో ఉన్నది రాగి, ఆర్సెనిక్, అంటే పాషాణమే! 1928లో లార్వాలను తినే గంబూసియా చేపను ఇటలీ నుంచి మనదేశానికి తెచ్చారు. నేడు శాస్త్రజ్ఞులు దాన్ని స్థానిక చేపలకు హానిచేసే పరదేశి జాతిగా పరిగణిస్తున్నారు. మరోపక్క అస్సాం తేయాకు తోటల్లో జి.సి. రామ్‌సే వాగుల గట్లపై గుబురు మొక్కలు పెంచి నీటిమీద నీడ కల్పించాడు. ఎండ తగిలే నీటిని కోరుకునే మినిమస్ దోమ ఆ నీడలో పెరగలేకపోయింది. విషం చల్లకుండానే పని జరిగిందన్నమాట.

తరువాత డి.డి.టి. వచ్చింది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై, ఇళ్ళ గోడలమీద దాన్ని చల్లసాగారు. ఏటా సుమారు 7.5 కోట్ల మందికి సోకిన వ్యాధి 1960ల మొదట్లో లక్ష కేసుల స్థాయికి దిగింది. డి.డి.టి. లక్షల ప్రాణాలు కాపాడిందన్నది కాదనలేని నిజం. అయితే ఆ విజయమే గుంతలు, కాలువల సంగతి మరిపించింది. దోమలు మందుకు అలవాటుపడ్డాయి. పొలాల్లో విచ్చలవిడిగా వాడటం దీనికి తోడైంది. డి.డి.టి. త్వరగా విచ్ఛిన్నం కాదు. కొవ్వులో నిలిచి, ఆహార శృంఖలంలో పైకి పోయేకొద్దీ పేరుకుంటుంది. 1976లో మలేరియా కేసులు మళ్ళీ 64 లక్షలకు పెరిగాయి. 1989లో మనదేశం వ్యవసాయంలో దాని వాడకాన్ని నిషేధించింది. 2004లో అమలులోకి వచ్చిన స్టాక్‌హోమ్ ఒప్పందం వ్యాధి నియంత్రణకు మాత్రమే మినహాయింపు ఇచ్చింది.

ఇప్పుడు ఆలోచించండి. మందు తప్పా? కాదు. దోమ నీటిని గురించిన జ్ఞానం స్థానంలో మందునే పెట్టుకోవడం తప్పు. గుంత తవ్వే ఇంజనీరు, నీరు పరీక్షించే ఆరోగ్య కార్యకర్త ముందే మాట్లాడుకుంటే రోగమూ తగ్గుతుంది, మందూ తక్కువ పడుతుంది, మందు చల్లే మనిషి ఒంటికి అంటే విషమూ తగ్గుతుంది. 2024లో వెలువడిన రైల్వే నియామక ప్రకటనలోనూ 'హెల్త్ అండ్ మలేరియా ఇన్‌స్పెక్టర్' పోస్టు ఉంది. అంటే ఆ పని ఇంకా ముగియలేదు.

ఈసారి వాన వెలిశాక మీ బడి చుట్టూ, మీ ఊరి రోడ్డు పక్కన ఒకసారి నడిచి చూడండి. నీరు ఎక్కడ నిలిచింది, ఎన్నాళ్ళు నిలిచింది, ఏ కట్ట దాన్ని ఆపింది - రాసిపెట్టుకోండి. ఆ కాగితాన్ని మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని ఆరోగ్య కార్యకర్తకు చూపించండి. మందు డబ్బా తెరవకముందు ఆయనకు కావలసిన సమాచారం అదే.