సైన్యాన్ని పిలిచే కాగితం

2021 నవంబరు 19న చిత్రావతి నది పొంగింది. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర ఒక కారు వరదలో చిక్కుకుంది. అందులోని వాళ్లను ఒడ్డుకు చేర్చాలని జేసీబీ మీద వెళ్లినవాళ్లు కూడా ఏటి మధ్యలోనే ఆగిపోయారు. చివరికి వైమానిక దళం ఎంఐ-17 హెలికాప్టరు వచ్చి పది మందినీ పైకి లాక్కుంది. దేశమంతా కరవు జిల్లాగా ఎరిగిన అనంతపురంలో నీళ్ల నుంచి మనుషుల్ని కాపాడడానికి మిలిటరీ రావాల్సి వచ్చింది.

ఇలాంటప్పుడు హెలికాప్టరు తనంతట తాను రాదు. జిల్లా యంత్రాంగం అడగాలి, రాష్ట్రం అడగాలి, ఢిల్లీ సరేననాలి. వచ్చాక కూడా ఎవరిని ముందు తీయాలి, ఎక్కడికి చేర్చాలి అన్నది పౌర అధికారి నిర్ణయమే. సైన్యం సాయం చేస్తుంది, పెత్తనం చేయదు. ఈ ఏర్పాటు ఇంత సాఫీగా పుట్టింది కాదు. దాని వెనక రెండు శతాబ్దాల నెత్తురూ కన్నీళ్లూ ఉన్నాయి. ఆ కథను అనంతపురం నుంచే మొదలుపెట్టవచ్చు.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాక దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. అనంతపురాన్నే తన ముఖ్య కేంద్రం చేసుకున్నాడు. ఆయన స్వతహాగా సైనికుడు, 1780లో కేడెట్‌గా మద్రాసులో దిగినవాడు. పొలం కొలిపించి శిస్తు కట్టేదీ ఆయనే, పాళెగాళ్ల మీదికి జనరల్ డుగాల్డ్ క్యాంప్‌బెల్ పటాలాన్ని నడిపించమని కోరేదీ ఆయనే. రైతుకు మేలు చేసిన దొరగా సీమ ఆయన్ను తలుచుకుంది, పిల్లలకు ఆయన పేరు పెట్టుకుంది. గవర్నరుగా తిరిగి వచ్చి 1827లో పత్తికొండలో కలరాతో పోతే గుత్తిలో ఖననం చేశారు. ఆ మంచిపేరును కాదనను. కానీ ఆనాడు కలెక్టరు పిలిస్తే పటాలం వచ్చింది జనాన్ని ఆదుకోవడానికి కాదు, లొంగదీయడానికి. మనకు వారసత్వంగా వచ్చిన పద్ధతికి మూలం అదే.

ఆ మూలం చట్టంలోకీ పాకింది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ గుంపును చెదరగొట్టడానికి సైన్యాన్ని పిలిచే అధికారాన్ని మేజిస్ట్రేటుకు ఇచ్చింది. పిలవడం వేరు, పగ్గాలు అప్పగించడం వేరు. ఆ తేడా చెరిగిపోతే ఏమవుతుందో 1919 ఏప్రిల్‌లో అమృత్‌సర్ చూసింది. అక్కడి పౌర అధికారి పట్టణం బాధ్యతను సైన్యం చేతిలో పెట్టి పక్కకు తప్పుకున్నాడు. ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో డయ్యర్ కాల్పులు జరిపించాడు. విపత్తులో సైన్యం వచ్చినా ఆజ్ఞ మాత్రం పౌర అధికారి చేతుల్లోనే ఉండాలని ఈనాడు మనం పట్టుబట్టడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

సైన్యం మనుషుల్ని తవ్వి తీసే పనికి పెద్దఎత్తున దిగింది 1935 మే 31 నాటి క్వెట్టా భూకంపంలో. ఊరు నేలమట్టమైంది, పక్కనే ఉన్న కంటోన్మెంటులో చాలా భాగం నిలిచింది. అందుకే సిపాయిలు తెల్లవారే సరికే శిథిలాల మీద ఉన్నారు. ప్రాణాలు నిలిపారు, నిజమే. కానీ తర్వాత మార్షల్ లా పెట్టి ఊరిని మూసేశారు. సాయానికి వస్తామన్న గాంధీజీకి కూడా అనుమతి ఇవ్వలేదు. పిలుపూ అదుపూ రెండూ సైన్యం దగ్గరే ఉంటే సాయం కూడా కంచె వెనక్కి పోతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక అనంతపురం నేల వేరే సైన్యాన్ని చూసింది. 1952లో రాయలసీమ కరవు. అనంతపురం అప్పటికింకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది, రాజాజీ ముఖ్యమంత్రి. ఊరూరా గంజి కేంద్రాలు పెట్టారు. ఎండిన బావుల్ని లోతు చేయడానికీ తాగునీళ్లు చేరవేయడానికీ సైన్యాన్ని దింపారు. మన్రో కాలంలో కోటల మీదికి ఫిరంగులు లాగిన దారుల్లో సిపాయిలు గడ్డపారలు పట్టుకొని వచ్చారు. కరవు నెలల తరబడి చంపుతుంది కాబట్టి కాగితం మద్రాసు నుంచి ఢిల్లీ పోయి రావడానికి వ్యవధి ఉంది. విషవాయువు ఆ వ్యవధి ఇవ్వదు.

ఆ సంగతి 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక భోపాల్‌లో తెలిసింది. యూనియన్ కార్బైడ్ ట్యాంకు నుంచి సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసైనేట్ బయటికొచ్చింది. ఊళ్లోనే ఉన్న సైనిక ఇంజనీర్ల ఈఎంఈ కేంద్రం జవాన్లు లారీలు తీసుకొని జనాన్ని ఆస్పత్రులకు మోశారు. వాళ్లకు మాస్కులు లేవు. అది ఏ వాయువో, దానికి ఏం మందు ఇవ్వాలో డాక్టర్లకే తెలియదు. తడిగుడ్డ ముఖానికి చుట్టుకొని గాలికి అడ్డంగా పక్కకు పొమ్మని ఆ రాత్రి చెప్పినవాళ్లు ఉంటే ఎందరో బతికేవాళ్లు. జనం గాలి వాలునే పరుగెత్తారు. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ధ్రువీకరించిన మరణాలే 3,787. మిగిలిన వాయువును నిర్వీర్యం చేయడానికి డిసెంబరు 16న ‘ఆపరేషన్ ఫెయిత్’ మొదలైంది. సీఎస్ఐఆర్ అధిపతి ఎస్. వరదరాజన్ పర్యవేక్షించారు, వైమానిక దళ హెలికాప్టర్లు ఫ్యాక్టరీ మీద నీళ్లు చల్లాయి. శాస్త్రవేత్త చెప్పింది సైనికుడు చేయడం, రెండింటికీ పౌర ప్రభుత్వం బాధ్యత వహించడం. నా దృష్టిలో ఇప్పటి పద్ధతి పుట్టింది ఆ రోజే. రెండు వారాలు ఆలస్యంగా పుట్టింది.

చట్టాలు ఆ తర్వాత వరసగా వచ్చాయి. 1986లో పర్యావరణ చట్టం, 1989లో ప్రమాదకర రసాయనాల నిబంధనలు. వీటి ప్రకారం ఫ్యాక్టరీ గోడ అవతల ఏం చేయాలో రాసిన ప్రణాళిక జిల్లా అధికారుల దగ్గర ఉండాలి. 1996 నిబంధనలు కలెక్టరు అధ్యక్షతన జిల్లా సంక్షోభ బృందాన్ని పెట్టమన్నాయి. 2005లో విపత్తు నిర్వహణ చట్టం, మరుసటేడాది జాతీయ విపత్తు స్పందన దళం, ఎన్‌డీఆర్‌ఎఫ్. బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్ లాంటి బలగాల నుంచి తీసిన ఎనిమిది బెటాలియన్లతో మొదలై ఇప్పుడు పదహారుకు చేరింది. ఇది సైన్యం కాదు, హోంశాఖ కింద ఉంటుంది. రసాయన, జీవ, అణు ప్రమాదాలకు తర్ఫీదు పొందిన మనుషులూ రక్షణ దుస్తులూ అందులో ఉన్నాయి.

ఆ దుస్తుల విలువ టోక్యో నేర్పింది. 1995 మార్చి 20న మెట్రో రైళ్లలో సారిన్ వదిలినప్పుడు బోగీలనూ స్టేషన్లనూ శుద్ధి చేసింది జపాన్ సైన్యపు రసాయన విభాగమే. కానీ దానికి ముందే వందల మంది తమ బట్టలతోనే ఆస్పత్రులకు చేరారు. ఆ బట్టల నుంచి వచ్చిన ఆవిరి డాక్టర్లకూ నర్సులకూ సోకింది. బాధితుడి పైబట్టలు తీయించి నీళ్లతో కడగడం అనే చిన్న పని ఆస్పత్రి గేటు బయట జరగాలి. దీనికి సైన్యమే అక్కర్లేదు. మున్సిపాలిటీ నీళ్ల ట్యాంకరు, చాటుకు నాలుగు పరదాలు, చెప్పి చేయించే మనిషి ఉంటే చాలు.

మన రాష్ట్రంలో ఈ ఏర్పాటంతటికీ పరీక్ష 2020 మే 7. విశాఖలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి తెల్లవారుజామున స్టైరీన్ లీకై ఆర్.ఆర్. వెంకటాపురాన్ని కమ్మింది. పన్నెండు మంది పోయారు. తూర్పు నౌకాదళం అక్కడి పెద్దాస్పత్రి కేజీహెచ్‌కు పంపిన సాధనాల్లో ఒకే సిలిండరు నుంచి ఆరుగురికి ఆక్సిజన్ అందించే పరికరం ఉంది. కరోనా కోసం విశాఖ నేవల్ డాక్‌యార్డులోనే తయారైంది. పుణె నుంచి ఎన్‌డీఆర్‌ఎఫ్ నిపుణుల్ని, గుజరాత్ నుంచి ట్యాంకులో ప్రతిచర్యను ఆపే రసాయనాన్ని విమానాల్లో తెచ్చారు. ఊరికి నౌకాదళం పక్కనే ఉంది, విమానాశ్రయం ఉంది, పెద్దాస్పత్రి ఉంది. అయినా తొలి గంటల్లో స్పృహ తప్పినవాళ్లను ఎత్తుకొని పరుగెత్తింది పోలీసులూ ఇరుగుపొరుగూ.

ఇప్పుడు ఉమ్మడి అనంతపురం సంగతి చూడండి. 2012 మే 22న పెనుకొండలో ఆగి ఉన్న గూడ్సును హంపి ఎక్స్‌ప్రెస్ ఢీకొట్టి పాతిక మంది వరకు పోయారు. 2013 డిసెంబరు 28న కొత్తచెరువు దగ్గర బెంగళూరు–నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీ తగలబడి 26 మంది పోయారు. రెండూ జనం నిద్రలో ఉన్న వేళే జరిగాయి. 2018 జులై 12న తాడిపత్రి గెర్డావ్ ఉక్కు కర్మాగారంలో కార్బన్ మోనాక్సైడ్ ఆరుగురు కార్మికుల్ని బలిగొంది. రంగు లేదు, వాసన లేదు. పడిపోయిన తోటివాణ్ణి చూసి పరుగెత్తే మనిషి మంచితనమే అతని ప్రాణం తీసే వాయువు అది. మాస్కు లేకుండా లోపలికి పోవద్దని ఆపగలిగే సూపర్‌వైజరు ఆ క్షణంలో సిపాయికన్నా ఎక్కువ ప్రాణాలు నిలుపుతాడు.

ఎన్‌డీఆర్‌ఎఫ్ పదో బెటాలియన్ గన్నవరం దగ్గర కొండపావులూరులో ఉంది. అనంతపురానికి బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, ఆ బెటాలియన్ దానికి రెట్టింపు పైన. బెంగళూరులో సైన్యం, వైమానిక దళం రెండూ ఉన్నాయి, కానీ మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉంది. మన జిల్లా అధికారులు బెంగళూరు సైనిక కేంద్రాలతో ఏటా కూర్చొని మాట్లాడుకోవాలి. పిలిచే కాగితంలో ఏముండాలో ముందే రాసి పెట్టుకోవాలి: ఏ వాయువు, ఎంత నిల్వ, గాలి ఎటు, హెలికాప్టరు ఏ మైదానంలో దిగాలి, ఏ ఆస్పత్రిలో ఎన్ని పడకలు. ఇవి ప్రమాదం జరిగాక వెతికే వివరాలు కావు.

తాడిపత్రి చుట్టూ సిమెంటూ ఉక్కూ ఉన్నాయి. పెనుకొండ దగ్గర కియా, దాని చుట్టూ అనుబంధ పరిశ్రమలూ వచ్చాయి. మాక్‌డ్రిల్ ప్రహరీ లోపల జరిపి ఫొటోలు తీసుకుంటే సరిపోదు. గోడ అవతలి పల్లెల్లో ఆడవాళ్లనూ ముసలివాళ్లనూ బడిపిల్లలనూ కూర్చోబెట్టి, సైరన్ మోగితే గాలి చూసుకొని ఏ దారిన నడవాలో నడిపించి చూపాలి. ఆ పని ఈ ఏడే మొదలుపెట్టమని కలెక్టర్లను అడుగుతున్నాను.